షుగర్ రిజిస్టర్: 16 వారాల ప్రాజెక్టు డైరీ

జూన్ 9, 2025, సోమవారం

ఇవాళ రిపోర్టు చేతికొచ్చింది. పరగడుపున 186. తిన్న రెండు గంటలకు 294. హెచ్‌బీఏ1సీ 9.1. నాకు 45 ఏళ్లు.

రెండు నెలలుగా రాత్రి మూడుసార్లు లేస్తున్నాను. ఎన్ని నీళ్లు తాగినా నోరు పిడచగట్టుకుపోతోంది. నాలుగు కిలోలు తగ్గాను. ఎండాకాలం కదా, గోడౌన్‌లో రేకుల కింద పని కదా అని సరిపెట్టుకుంటూ వచ్చాను. మా ఆవిడ పట్టుబట్టి శనివారం రక్తం ఇప్పించింది.

డాక్టర్ గారు తీరిగ్గా చెప్పారు. పరగడుపున 126 గానీ, హెచ్‌బీఏ1సీ 6.5 గానీ చేరితే షుగర్ కిందే లెక్క. నాకు రెండూ దాటాయి. రక్తంలో ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, ఆ రోజుల్లో దానికి ఎంత చక్కెర అంటుకుందో హెచ్‌బీఏ1సీ చెబుతుంది. అంటే రెండు మూడు నెలల సగటు. 9.1 అంటే పగలూ రాత్రీ కలిపి సగటున 214 దగ్గర ఉన్నానన్నమాట. మెట్‌ఫార్మిన్ 500 మాత్ర రాత్రి భోజనం కాగానే ఒకటి, వారం తర్వాత పొద్దున కూడా ఒకటి. తినకముందు 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండాలి. మూడు నెలలకు మళ్లీ పరీక్ష.

హన్మకొండలో ఆటో విడిభాగాల గోడౌన్‌లో 19 ఏళ్లుగా స్టోర్ కీపర్‌ని. వచ్చింది, పోయింది, మిగిలింది రాయడమే నా పని. అందుకని రాత్రికి కొత్త రిజిస్టర్ ఒకటి తీసి గీతలు కొట్టాను. తేదీ, ఏం తిన్నాను, ఎన్ని గ్రాములు, ముందు, తర్వాత, తేడా.

ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మకు షుగర్ వచ్చి 22 ఏళ్లు. ఆమె దగ్గర రిజిస్టర్ లేదు, రిపోర్టుల ప్లాస్టిక్ కవరు ఒకటుంది. మూడు నెలలకోసారి పరగడుపు పరీక్ష, అంతే. పరీక్షకు ముందు రోజు రాత్రి అన్నం తగ్గించి తినేది, రీడింగ్ బాగా వచ్చేది, అందరం సంతోషపడేవాళ్లం. 2019లో చెప్పు కరిచిన పుండు ఆమెకు తెలియనే లేదు. కాలికి స్పర్శ తగ్గింది, నొప్పి ఉంటే కదా తెలిసేది. కుడికాలు చిటికెన వేలు తీసేశారు. నెలన్నర పాటు ఆ కట్టు నేనే మార్చాను. ఆ వాసన నాకింకా గుర్తుంది.

జూన్ 14, శనివారం

ఇంట్లోనే షుగర్ చూసుకునే మీటర్ వచ్చింది. 50 స్ట్రిప్పుల డబ్బా, సూదులు. స్ట్రిప్ ఒకటి దాదాపు 20 రూపాయలు పడుతోంది, అందుకని ఊరికే గుచ్చుకోకూడదనుకున్నాను. ప్రతి స్ట్రిప్‌కూ ఒక ప్రశ్న ఉండాలి.

మొదటి పాఠం ఇవాళే. పిల్లలకు బంగినపల్లి కోసిపెట్టి, చేతులు తుండుగుడ్డకు తుడుచుకుని కూర్చున్నాను. పండు ముక్క నోట్లో వేసుకోలేదు. గుచ్చితే 241. గుండె గుభేలుమంది. ఎందుకో అనుమానమొచ్చి సబ్బుతో కడుక్కుని, బాగా ఆరనిచ్చి, పక్క వేలికి గుచ్చాను. 158. వేలికంటిన మామిడి రసమే 83 పాయింట్లు చూపించింది. సూది గుచ్చాక వచ్చే బొట్టు ఆవగింజంత, దానికి పండు రసం తగిలితే లెక్క తారుమారే.

వెంటనే ఇంకోసారి చూస్తే 167. అదే మనిషి, అదే నిమిషం. ఇంటి మీటర్‌కు 15 శాతం దాకా అటూ ఇటూ ఉండొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయట. కాబట్టి 10 పాయింట్ల తేడాకు సంబరపడను, టెన్షన్ పడను. రిజిస్టర్ అట్ట లోపల రాసిపెట్టాను: సబ్బు, పొడి చేయి, వేలి కొసన కాకుండా పక్కన గుచ్చాలి, డబ్బా మూత వెంటనే బిగించాలి.

జూన్ 22, ఆదివారం

కాంటా కొన్నాను, వంటింట్లో కూరగాయలు తూచేది. నేను రోజూ తినే అన్నం ఎంతో 45 ఏళ్లలో ఒక్కసారీ చూసుకోలేదు. కంచంలో ఎప్పటిలాగే పెట్టమని మా ఆవిడకు చెప్పాను. తూచితే 420 గ్రాములు. అదొక్క పూటకే. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం 28 గ్రాములు ఉంటుంది, అంటే ఆ కంచంలో 118 గ్రాములు. చక్కెరలోకి మార్చి చెబితే పాతిక చెంచాల దగ్గర.

ముందు 142. మొదటి ముద్ద పెట్టుకున్న దగ్గర్నుంచి సరిగ్గా రెండు గంటలకు 268. తేడా 126.

మరునాటి నుంచి అన్నం 150 గ్రాములు. ఆకలి తీరాలి కాబట్టి పప్పు రెండింతలు, తోటకూర ఒక గిన్నె, ఉడికిన గుడ్లు రెండు. ముందు 138, తర్వాత 187. తేడా 49.

ఈ రెండు గీతల మధ్య చాలాసేపు కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ ఇంట్లో షుగర్ అంటే స్వీట్లు మానడం, టీలో చక్కెర మానడం. అమ్మ 22 ఏళ్లుగా చక్కెర లేని టీ తాగుతోంది, దాని తర్వాత కంచం నిండా అన్నం తింటోంది. ఆమెకు ఎవరూ కంచం తూచి చూపించలేదు.

మెట్‌ఫార్మిన్ మొదటి పది రోజులు కడుపు ఉబ్బరం, రెండుసార్లు విరేచనాలు. మానేద్దామనిపించింది. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే అన్నం మధ్యలో గానీ, తిన్న వెంటనే గానీ వేసుకోమన్నారు. ఇప్పుడు ఫర్వాలేదు. మందు విషయంలో ఈ రిజిస్టర్‌కు అధికారం లేదు. డోసు ఆయన చెబితేనే మారుతుంది. కాకర రసం తాగి మాత్రలు ఆపెయ్యమని గోడౌన్‌లో ఇద్దరు చెప్పారు. కాకరకాయ కూరగా తింటున్నాను, మాత్ర ఆపలేదు.

జూలై 6, ఆదివారం

రెండు వారాలు పూర్తిగా టిఫిన్ల మీద పెట్టాను. ఎవరిని అడిగినా ముందు చెప్పే మాట, “రాగి జావ తాగు, జొన్నరొట్టె తిను.” అవి మంచివే, మా తాతలు తిన్నవే. కానీ నా ఒంట్లో ఏం చేస్తున్నాయో చూడాలి కదా.

పెద్ద గ్లాసు రాగి జావ, మజ్జిగ కలిపి. ముందు 131, గంటకు 224, రెండు గంటలకు 196. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఇంతే. రాగి మెత్తగా పిండైంది, ఆ పిండి నీళ్లలో ఉడికి జావైంది, కడుపులో ఇక నలగాల్సిన పని లేదు. తాగింది తాగినట్టు రక్తంలోకి దూకుతోంది. గింజ మంచిదే కానీ దాన్ని ఏ రూపంలో తింటున్నామన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

జొన్నరొట్టెలు నాలుగు, పచ్చడితో. అన్నం కాదు కదా అని ధీమాగా తిన్నాను. 135 నుంచి 229. రెండు రొట్టెలు, బీరకాయ కూర, పెరుగు: 133 నుంచి 172. ఇడ్లీలు నాలుగు కొబ్బరి చట్నీతో: 129 నుంచి 208. పెసరట్టు రెండు, ఉప్మా లేకుండా, అల్లం చట్నీతో: 128 నుంచి 161.

పెసరట్టు తిన్న పొద్దున మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆకలి వేయలేదు. పెసల్లో పిండిపదార్థం ఉన్నా దాంతోపాటు ప్రొటీనూ పీచూ ఉన్నాయి. మా ఆవిడ ఇప్పుడు వారానికి మూడు రోజులు పెసలు నానబెడుతోంది. పిల్లలకు ఇష్టమే.

బియ్యం సంగతి కూడా చూశాను. మేం తినేది బీపీటీ, అంటే బాపట్లలో పుట్టిన సాంబ మసూరి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048, గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే కొలత, తక్కువని పేరుంది. అదే 150 గ్రాములు, అదే కూర. బీపీటీకి తేడా 49 వచ్చింది. సోనాకు ఒకసారి 41, ఇంకోసారి 47. మీటర్ తప్పులోనే కలిసిపోయేంత తేడా. నా రెండు కొలతలతో సోనా మంచిదనీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. బియ్యం మార్చినప్పుడు వచ్చిన లాభం కంటే 420ని 150 చేసినప్పుడు వచ్చిన లాభం ఎన్నో రెట్లని మాత్రం గట్టిగా చెప్పగలను.

జూలై 13, ఆదివారం

జ్వరం. మూడు రోజులు గంజి, చారన్నం తప్ప ఏమీ తినలేదు, అయినా 238, 251. ఒంట్లో జబ్బు చేసినప్పుడు శరీరం వదిలే హార్మోన్లు చక్కెరను పెంచుతాయని డాక్టర్ గారు అన్నారు. ఈ వారం ప్రయోగాలేవీ లెక్కలోకి తీసుకోను.

జూలై 20, ఆదివారం

వారమంతా రాత్రి భోజనం మీదే. అదే కంచం, అదే 150 గ్రాములు, తినే వరస మార్చాను. ముందు కూర, పప్పు సగం తినేసి, ఆ తర్వాత అన్నం. 49 వచ్చే తేడా 33కి దిగింది. మూడు రాత్రులు చేస్తే 33, 36, 30.

తర్వాత నడక. తినగానే మేడ మీద 15 నిమిషాలు, చేతిలో ఫోన్ లేకుండా. తేడా 17, 21, 14. కండరం కదులుతున్నప్పుడు ఇన్సులిన్ తలుపు తీసేదాకా ఆగదట, తనే రక్తంలోంచి చక్కెర లాక్కుంటుంది. పొద్దున్నే గంట నడిస్తే మంచిదని అందరూ అంటారు. గోడౌన్ ఎనిమిదికి తెరవాలి, నాకు ఆ గంట దొరకదు. తిన్న తర్వాత పావుగంట మాత్రం ఎవరికైనా దొరుకుతుంది. ఆదివారం సాయంత్రం పిల్లలతో భద్రకాళి బండ్ మీదకు వెళ్తున్నాం.

అన్నీ బాగున్నాయి కానీ ఒకటే లెక్క తేలడం లేదు. రాత్రి పడుకునేటప్పుడు 134 ఉంటుంది. మధ్యలో ఏమీ తినను. పొద్దున ఆరింటికి 151. నిద్రలో ఎవరు తినిపిస్తున్నారు నాకు? తెల్లవారుజామున ఒళ్లు లేవడానికి సిద్ధమవుతూ కాలేయం తన నిల్వలోంచి చక్కెర వదులుతుందని, మా లాంటివాళ్లకు దాన్ని సర్దే ఇన్సులిన్ సరిపోదని విన్నాను. స్టోర్ కీపర్‌కి అర్థమయ్యే మాటే, సరుకు బయటి నుంచి రాలేదు, లోపలి గోడౌన్‌లోంచి వచ్చింది. అదే నిజమైతే మూడింటికి తక్కువ ఉండి, ఆ తర్వాత పెరగాలి. వచ్చే వారం మూడింటికి అలారం పెట్టి చూడాలి.

ఆగస్టు 3, ఆదివారం

ఇది రాయడానికి ఇప్పటికి చేతులు కుదురుకున్నాయి.

అలారం మూడింటికి మోగింది. నాకు 128. ఆరింటికి చూస్తే 149 వచ్చింది, అనుకున్నట్టే కాలేయం పనే. కానీ ఇవాళ్టి సంగతి అది కాదు.

చేయి కడుక్కోవడానికి వెళ్తూ అమ్మ మంచం పక్క నుంచి నడిచాను. ఫ్యాన్ తిరుగుతోంది, బయట వాన పడుతోంది, చల్లగానే ఉంది. అమ్మ జాకెట్ వీపంతా తడిసి ఉంది. దిండు గలేబు తడి. చేయి పట్టుకుంటే చల్లగా, సన్నగా వణుకుతోంది.

“అమ్మా, ఏమైంది?”

“ఏం గాదు బిడ్డా, ఉక్కకు చెమటలు. నాకెప్పుడూ గిట్లనే అయితది. పండుకో నువ్వు.”

మాట ముద్దగా వచ్చింది. చేతిలో మీటర్ ఉంది కాబట్టి ఆమె వేలికి గుచ్చాను. 58.

షుగర్ ఎక్కువవడం ఒక్కటే ఆపద అనుకునే ఇల్లు మాది. 70 కంటే దిగితే వెంటనే చక్కెర ఇవ్వాలని నా మందుల చీటీ వెనక రాసి ఉండటం వల్ల గుర్తుంది. మా ఆవిడను లేపాను. అరగ్లాసు నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి కూర్చోబెట్టి తాగించాం. 22 ఏళ్లుగా చక్కెర ముట్టని మనిషి, గ్లాసు చూసి మొహం తిప్పుకుంది. “వద్దు బిడ్డా, షుగర్ పెరుగుతది” అంది. బతిమాలాల్సి వచ్చింది. పావుగంటకు 84. తర్వాత పాలు, రెండు బిస్కెట్లు. నాలుగున్నరకు 112. మాట తేటగా వచ్చింది, “నిద్ర పాడు చేస్తిని గద నీకు” అంది.

తెల్లారేదాకా రిజిస్టర్ ముందు కూర్చున్నాను. నిన్న శనివారం. అమ్మకు శనివారం ఒక్కపొద్దు. మధ్యాహ్నం ఒక్కసారే తింటుంది, రాత్రి పండో, పాలో. రాత్రి మాత్ర మాత్రం మానదు, డాక్టర్ చెప్పిన మందు కదా అని భక్తితో వేసుకుంటుంది. ఆ మాత్ర గ్లిమెపిరైడ్. నా మెట్‌ఫార్మిన్ వంటిది కాదు. తిన్నా తినకపోయినా ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. కడుపులో అన్నం లేని రాత్రి ఆ ఇన్సులిన్ ఏం చేస్తుందో ఇవాళ కళ్లారా చూశాను.

ఎన్ని శనివారాల నుంచి ఆ దిండు తడుస్తోంది?

ఆగస్టు 4, సోమవారం

సెలవు పెట్టి అమ్మను డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాను, రిజిస్టర్ పట్టుకుని. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ చూస్తే పెరిగింది. కిడ్నీ నెమ్మదిస్తే ఈ రకం మాత్ర ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుందట. రాత్రి గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపేశారు, పొద్దునది సగం చేశారు.

మే నెలలో ఆమె హెచ్‌బీఏ1సీ 6.6. “నీకంటే అమ్మే నయం” అని ఇంట్లో అందరం మెచ్చుకున్నాం. ఆ 6.6 లోపల పగటి 230లు ఉన్నాయి, రాత్రి 58లు కూడా ఉన్నాయి. రెండూ కలిస్తే సగటు ముచ్చటగా వచ్చింది. 71 ఏళ్ల మనిషికి, ఇన్నేళ్ల జబ్బుకు, 8 లోపు ఉంటే చాలు, పడిపోకుండా ఉండటం ముఖ్యం అన్నారు డాక్టర్ గారు.

ఇవాళ్టి నుంచి రిజిస్టర్‌లో ఎడమ పేజీ నాది, కుడి పేజీ అమ్మది.

ఆగస్టు 24, ఆదివారం

నా పేజీలో పెద్దగా రాసేదేమీ లేదు. పరగడుపు 118 నుంచి 132 మధ్య ఉంటోంది. రోజూ గుచ్చుకోవడం మానేశాను, వారానికి తినకముందు, తిన్న తర్వాత కలిపి మూడు జంటలు చాలు.

కుడి పేజీలో పని ఎక్కువ. అమ్మ మొదట ఒప్పుకోలేదు. “ముసలిదాన్ని, నాకెందుకు ఖర్చు” అంది. ఒక స్ట్రిప్ ఖరీదు చెబితే ఇంకా దూరం జరిగింది, ఆ తర్వాత నేను ధర మాట ఎత్తడం మానేశాను. మా పెద్దమ్మాయి, తొమ్మిదో తరగతి, ఆమె గుచ్చితే మాత్రం కిమ్మనదు. రాత్రి పడుకునేముందు ఒకటి, శనివారం రాత్రి మూడింటికి ఒకటి. గత మూడు శనివారాలు: 109, 126, 117. దిండు పొడిగా ఉంది. ఒక్కపొద్దు మానమని నేను అడగలేదు. రాత్రికి పాలతో పాటు రెండు ఇడ్లీలు తింటానని ఆమే అంది.

ఇంకొకటి మొదలుపెట్టాం. రోజూ రాత్రి ఆమె కాళ్లు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, అరికాలు టార్చ్‌తో చూస్తాను. నీళ్ల వేడి ఆమె కాలితో చూడకూడదు, నా మోచేతితో చూస్తాను. మొన్న ఎడమ మడమ మీద చిన్న పగులు కనబడింది. ఆమెకు తెలియదు. ఆయింట్‌మెంట్ రాశాను, ఆరింది. 2019లో కూడా పుండు మొదట్లో ఇంతే ఉండి ఉంటుంది.

సెప్టెంబర్ 15, సోమవారం

నా హెచ్‌బీఏ1సీ 6.8. పరగడుపున 121. రాత్రి ఒకసారే లేస్తున్నాను, కొన్ని రోజులు అదీ లేదు. మందు అదే డోసు కొనసాగించమన్నారు. చాలా ఏళ్లు మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గే అవకాశముంది, అప్పుడప్పుడు చూపించుకోమన్నారు. ఏడాదికోసారి కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, పాదాల స్పర్శ కూడా చూడాలి. మూడూ రిజిస్టర్ చివరి పేజీలో తేదీలతో రాసుకున్నాను.

మొన్న గోడౌన్ క్యాంటీన్‌లో మీటర్ తీసుకెళ్లి పెట్టాను. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని చెప్పింది. మేం తొమ్మిది మందిమి, అడిగితే నాతో కలిపి ముగ్గురికి ఉంది. ఆ ఇద్దరూ తిన్న తర్వాత ఎంత ఉంటుందో ఎప్పుడూ చూసుకోలేదు. ఇద్దరి తల్లులకూ షుగర్ ఉంది. వాళ్లు రాత్రి ఏ మాత్ర వేసుకుంటారో, వేసుకున్నాక తింటారో లేదో ఇంటికెళ్లి కనుక్కోమని చెప్పాను. ఒకాయన మరునాడు మాత్ర రేకు ఫొటో తెచ్చి చూపించాడు. గ్లిమెపిరైడే. డాక్టర్ దగ్గరకు తీసుకెళ్తానన్నాడు.

సెప్టెంబర్ 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. ఈ ఒక్క రోజు తలచుకుని నెల ముందు నుంచే ఆలోచిస్తున్నాను. చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, పెరుగు సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, ఐదూ అన్నమే. పైగా మలీద ముద్దలు, అంటే రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి చేసేవి. అమ్మవారికి పెట్టిన ప్రసాదం వద్దనడం నాకు చేతకాదు, అనాలని కూడా లేదు.

ముందు కూర, ఉడికించిన శనగలు ఒక గిన్నె తినేశాను. తర్వాత ఐదు సద్దులూ తలా 30 గ్రాములు, కాంటా మీద పెట్టి. మలీద గోలీకాయంత. నెమ్మదిగా, ఒక్కో సద్ది రుచి వేరుగా తెలిసేలా తిన్నాను. బతుకమ్మ తీసుకుని ఆడవాళ్లు చెరువుకు బయల్దేరితే వెనకాలే నడిచాను, పోవడానికీ రావడానికీ కలిపి నలభై నిమిషాలు. ముందు 118, తర్వాత 152.

అమ్మకు అన్ని సద్దులూ చెంచాడు చెంచాడు పెట్టాం. కొబ్బరి సద్ది ఇంకో చెంచా అడిగింది, పెట్టాను. కొత్త చెప్పులు, మెత్తటివి, వేసుకుని వాకిట్లో రెండు చుట్లు ఆడింది. ఇంటికొచ్చాక కాళ్లు చూశాను, ఎక్కడా ఎరుపు లేదు. పడుకునేముందు 164. డాక్టర్ గారు చెప్పిన హద్దులోనే ఉంది. పెద్దమ్మాయి కుడి పేజీలో రాసింది.

నిల్వ: స్ట్రిప్పులు 27, సూదులు 41. రేపు పొద్దున 9 గంటలకు అమ్మకు కంటి పరీక్ష. చుక్కలు వేశాక కాసేపు సరిగా కనబడదట, బండి వద్దు, ఆటో మాట్లాడాలి.